బొగ్గు తరిగినా అప్పు తరగని నగరం – యూబరి

జపాన్ దేశపు ఉత్తర దీవియైన హొక్కైడోలో, కొండల నడుమ ఇరుకైన లోయలో యూబరి నగరం ఉంది. ఒక పురపాలక సంస్థ ఎలా ఎదుగుతుందో, ఎలా దివాలా తీస్తుందో తెలుసుకోగోరేవారికి దీని చరిత్ర ఒక పాఠం.

1888లో ఇక్కడ బొగ్గుపొర బయల్పడింది. రెండేళ్లకే గని తవ్వకం మొదలైంది. ఊరు పెరిగి 1918లో పట్టణ హోదాను, 1943లో నగర హోదాను పొందింది. 1960 నాటికి జనాభా లక్షా పదివేలు దాటింది. కార్మికుల ఇళ్లు, నీరు, స్నానశాలలు, ఆసుపత్రి మొదలైన వసతులను చాలావరకు గని కంపెనీలే సమకూర్చేవి.

తరువాత దేశం చమురు వైపు మళ్లింది. విదేశీ బొగ్గు చౌకగా దిగింది. గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1981 అక్టోబరులో కొత్త గనిలో జరిగిన ప్రమాదం 93 మందిని బలిగొన్నది. 1990లో చివరి గనీ మూతపడింది. కంపెనీలు వెళ్లిపోగా, వారు విడిచిన ఇళ్లు, ఆసుపత్రి వంటివాటి భారం నగరపాలక సంస్థపై పడింది.

ఉపాధి కోసం పాలకులు పర్యాటకాన్ని నమ్ముకున్నారు. బొగ్గు చరిత్ర గ్రామం, మంచు క్రీడల కేంద్రం, 1990లో ఆరంభమైన చలనచిత్రోత్సవం అలా వచ్చినవే. ఖర్చుకు తగిన రాబడి మాత్రం రాలేదు.

అయినా లోటు లెక్కల్లో కనబడలేదు. జపానులో ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగిసినా, పాత పద్దులు సరిచూసుకొనేందుకు మే 31 వరకు గడువుంటుంది. ఆ రెండు నెలల్లో కొత్త సంవత్సరపు సొమ్ముతో పాత లోటును పూడ్చి, చేతిలో తరిగిన సొమ్ముకు బదులు బ్యాంకుల నుండి స్వల్పకాలిక అప్పు తెచ్చేవారు. మరుసటి ఏడు మళ్లీ అదే తంతు. 2006లో ఈ గుట్టు రట్టయింది. తీర్చవలసిన లోటు సుమారు 3,530 కోట్ల యెన్లని తేలింది.

2007 మార్చిలో నగరం ప్రభుత్వ పర్యవేక్షణ కిందికి వెళ్లింది. మేయరు జీతంలో 70 శాతం కోత పడింది. ఉద్యోగులు సగానికి పైగా తగ్గారు. నగర ఆసుపత్రి చిన్న వైద్యశాలగా మారింది. ప్రాథమిక పాఠశాలలన్నీ ఒక్కటిగా, మాధ్యమిక పాఠశాలలన్నీ ఒక్కటిగా కలిసిపోయాయి. పన్నులు పెరిగాయి. తప్పు లెక్క వ్రాసినవారు కొందరైతే, దాని ఫలితాన్ని దూరపు బడికి చేరవలసిన పిల్లలు, వైద్యం కోసం పొరుగూరికి వెళ్లే వృద్ధులు అనుభవించవలసివచ్చింది.

టోక్యో మహానగర ప్రభుత్వం నుండి సహాయార్థం వచ్చిన నవోమిచి సుజుకి అనే యువ ఉద్యోగి 2011లో, ముప్పై ఏళ్ల వయసులో, మేయరుగా ఎన్నికైనారు. చెదరి ఉన్న నివాసాలను నగరమధ్యానికి చేర్చి ఖర్చు తగ్గించే ప్రణాళికను ఆయన చేపట్టారు. 2019లో హొక్కైడో గవర్నరు అయినారు. అదే సంవత్సరం ఊరికి వచ్చే రైలుమార్గం మూతపడింది. అదే ఏడాది వేలంలో యూబరి ఖర్బూజాల జత 50 లక్షల యెన్లు పలికింది!

2020 జనగణనలో నగర జనాభా 7,334 మాత్రమే. గని మూతపడడం ప్రజల చేతిలో లేదు. కానీ నగరపు పద్దుల పుస్తకం మొదటి ఏడాదే వారి ముందు తెరిచి ఉంటే, భారం ఇంత పెరిగేది కాదు. తమ ఊరి లెక్క అడగడం పౌరుని హక్కే కాదు, బాధ్యత కూడా.