పాత కారుకు కోట్లెందుకు?

జనగామ నుంచి సూర్యాపేట వెళ్ళే రోడ్డు మీద దేవరుప్పుల ఉంది. అక్కడైనా, మీ ఊళ్ళోనైనా, "పాత ఇనప సామాన్లు కొంటాం" అని మైకులో అరుస్తూ తిరిగే ట్రాలీ ఆటోను మీరు చూసే ఉంటారు. అరిగిన నాగలి కర్రు, చిల్లుపడ్డ బకెట్టు, చక్రం వంగిన సైకిలు, అన్నీ ఒకే కాంటా ఎక్కుతాయి. ఎవరు చేశారు, ఎన్నాళ్ళు వాడారు అని ఆ కొనేవాడు అడగడు. ఎన్ని కిలోలు అని మాత్రమే చూస్తాడు. పాత అంబాసిడర్ కారు బరువు సుమారు 1,100 కిలోలు. కిలో 25 రూపాయలనుకుంటే 27,500 రూపాయలు. కారు కథ అక్కడితో సరి!

ఇప్పుడు ఇంకో కారు సంగతి వినండి. 2020 జనవరిలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, కిస్సిమ్మీ అనే ఊళ్ళో వేలం పాట జరిగింది. అందులో 1968 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారు ఒకటి 34 లక్షల డాలర్లకు పాడుకున్నారు. వేలం సంస్థకు ఇవ్వవలసిన పది శాతం కమిషన్‌తో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు. అప్పటి మారకపు విలువ ప్రకారం మన లెక్కలో 26 కోట్ల రూపాయల పైమాటే. ఆ కారు బరువు సుమారు 1,500 కిలోలు. భాగించి చూడండి. కిలో లక్షా డెబ్బై వేల పైన పడింది! ఆ రోజుల్లో కిలో వెండి ధర యాభై వేలు కూడా లేదు. అంటే వెండితో పోతపోసిన కారు కన్నా మూడున్నర రెట్లు ఎక్కువన్నమాట.

పోనీ, ఆ కారు నిగనిగలాడుతూ ఉందా? లేదు. ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది. అక్కడక్కడా సొట్టలు, తుప్పు. మరి అంత ధర ఎందుకు?

"పాతది కదా, అందుకే" అని మీలో చాలామంది అనుకుంటారు. కాని పాతదనం ఒక్కటే చాలదు. హెన్రీ ఫోర్డ్ సంస్థ 1908 నుంచి 1927 వరకు 'మోడల్ టి' అనే కారును తయారు చేసింది. అది మస్టాంగ్ కన్నా ఎంతో పాతది. అయినా ఇన్నాళ్ళ తరువాత కూడా దానికి అలాంటి ధర లేదు. కారణం తేలికే: మొత్తం కోటీ యాభై లక్షలు తయారయ్యాయి. ఎన్ని పాడైపోయినా ఇంకా చాలా మిగిలే ఉన్నాయి. దానికి భిన్నంగా, 1935లో డ్యూసెన్‌బర్గ్ అనే అమెరికన్ సంస్థ 'ఎస్ఎస్‌జె' అనే రకం కార్లను రెండంటే రెండే చేసింది. వాటిలో సినిమా నటుడు గేరీ కూపర్ వాడిన కారు 2018 ఆగస్టులో 2 కోట్ల 20 లక్షల డాలర్లు పలికింది.

గిరాకీ, సరఫరా అనే మాటలు మీరు పాఠాల్లో చదివి ఉంటారు. టమాటా ధర పెరిగితే వచ్చే పంటలో రైతులు ఎక్కువ మడులు వేస్తారు, ధర దిగుతుంది. పాత కార్లకు ఆ సౌకర్యం లేదు. 1935లో రెండు చేస్తే ఇక ఎప్పటికీ రెండే. ప్రమాదానికో తుప్పుకో గురైతే తగ్గవచ్చునే గాని పెరిగే మార్గం లేదు.

అలాంటప్పుడు ధరను నిర్ణయించేది ఎవరు? వేలంలో గెలిచినవాడు అనుకుంటాం. నిజానికి అతనొక్కడే ఉంటే పాట మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది. చివరిదాకా పోటీపడి ఓడిపోయినవాడే ధరను అంతదాకా తీసుకువెళతాడు! మన హైదరాబాదు శివార్లలోని బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం మీకు తెలిసిందే. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట 2024లో 30 లక్షల ఒక వెయ్యికి చేరింది. లడ్డూ 21 కిలోలే. శనగపిండి, పంచదార, నెయ్యి ఖరీదు కట్టి చూస్తే ఆ ధర ఎక్కడా కనిపించదు. "నాకే దక్కాలి" అనుకునేవాళ్ళు ఇద్దరున్నారు, లడ్డూ ఒక్కటే ఉంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!

మళ్ళీ మస్టాంగ్ దగ్గరికి వద్దాం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 1968 నమూనా మస్టాంగ్‌లు మూడు లక్షల పైచిలుకు తయారయ్యాయి. అవేమీ అరుదైనవి కావు. అరుదైనది ఈ ఒక్క కారు. ఆ సంవత్సరమే వచ్చిన 'బులిట్' అనే సినిమాలో శాన్ ఫ్రాన్సిస్కో నగరపు ఎత్తుపల్లాల వీధుల్లో నటుడు స్టీవ్ మెక్వీన్ నడిపింది దీన్నే. తరువాత చేతులు మారి, 1974లో ఒక మామూలు కుటుంబం ఆరు వేల డాలర్లకు మించని ధరకు దీన్ని కొనుక్కుంది. ఆ ఇల్లాలు దీనిలోనే బడికి వెళ్ళి పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చేది. 1977లో మెక్వీనే ఉత్తరం రాసి కారును తనకు అమ్మమని అడిగితే, వాళ్ళు ఇవ్వలేదు. 1980 ప్రాంతంలో క్లచ్ పాడైంది. కారు షెడ్డులో మూలన పడింది. 2018లో మళ్ళీ లోకం కంటపడింది.

మూడు లక్షల కవలల్లో ఇదే అది అని రుజువు ఎలా? ఇక్కడే విజ్ఞానం అక్కరకు వస్తుంది.

ప్రతి కారుకూ కర్మాగారంలోనే ఒక సంఖ్యను లోహం మీద గుద్దుతారు. ఈ కారు సంఖ్య 8ఆర్02ఎస్125559. విడదీసి చదవండి. 8 అంటే 1968వ సంవత్సరం. ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే కర్మాగారం. 02 అంటే వెనుక భాగం ఏటవాలుగా దిగే రకం శరీరం. ఎస్ అంటే 390 ఘనపు అంగుళాల ఇంజను. మిగిలింది వరుస సంఖ్య. దస్తావేజుల్లోనూ, లోహం మీదా ఇదే సంఖ్య ఉండాలి. అంతేకాక, చిత్రీకరణ కోసం కెమెరాలు బిగించడానికి కారు అడుగున వెల్డింగ్ చేసిన ఇనప బద్దెలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ కుటుంబం మోజుపడి కారును కొత్తదానిలా చేయించి ఉంటే, ఆ సాక్ష్యాలన్నీ చెరిగిపోయేవి. సొట్టలు, వెలిసిన రంగు సైతం ఇక్కడ సాక్షులే.

రంగు అసలుదా, తరువాత వేసిందా అని కూడా పరీక్షిస్తారు. కర్మాగారంలో వేసే రంగు పొర మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు. దానిమీద మళ్ళీ రంగు వేస్తే పొర దాదాపు రెట్టింపవుతుంది. తుప్పు తిన్న చోట పుట్టీ పూసి ఉంటే మరీ మందం. అయస్కాంతం ఇనుముకు దూరమయ్యేకొద్దీ దాని ఆకర్షణ తగ్గిపోతుంది కదా! ఈ సూత్రం మీదే పనిచేసే చిన్న మీటరు ఉంది. మీ ఇంట్లో అయస్కాంతం ఉంటే పల్చటి గుడ్డలో చుట్టి, కారు యజమానిని అడిగి, తలుపు మీద మెల్లగా జరిపి చూడండి. ఒకచోట పట్టు సడలిందంటే కింద పుట్టీ ఉండవచ్చు. (అడగకుండా గీతలు పెట్టి, మా పత్రికలో చదివామని మాత్రం చెప్పకండి!)

ఇప్పుడు కాసేపు లెక్క చేద్దాం. 1974లో 6 వేల డాలర్లు అనుకుందాం. 46 ఏళ్ళలో 37 లక్షల 40 వేలు. ఆరును రెట్టింపు చేస్తూ పోండి: 12, 24, 48, 96, 192, 384, 768, 1536, 3072 వేలు. తొమ్మిదిసార్లకే 30 లక్షలు దాటింది. అంటే దాదాపు ప్రతి అయిదేళ్ళకూ ధర రెట్టింపయినట్టు. చక్రవడ్డీలో చెప్పాలంటే ఏటా నూటికి 15.

ఆహా, మనమూ ఒక పాత కారు కొని షెడ్డులో పెడితే సరి అనుకుంటున్నారా? ఆగండి. ఆ లెక్క గెలిచిన ఒక్క కారుది. 1974లో అలాంటి మస్టాంగ్‌లు కొన్నవాళ్ళు వేలమంది ఉంటారు. వాళ్ళ కార్లలో ఎన్నో ఏనాడో తుక్కయ్యాయి. అదే సినిమాలో గెంతులకూ దూకుళ్ళకూ వాడిన జంట కారు 2017లో మెక్సికోలో తుక్కు సామాన్ల మధ్య దొరికింది! పైగా ధరలు ఎప్పుడూ ఎక్కేవే కావు. శక్తివంతమైన ఇంజన్లున్న 1960, 70ల అమెరికన్ కార్ల ధరలు 2006, 2007 ప్రాంతాల్లో ఆకాశానికి ఎగిరి, 2008 ఆర్థిక సంక్షోభంతో కిందికి దిగాయి. ఇంకో సంగతి, మనుషులు ఎక్కువగా ఏ కార్ల కోసం ఎగబడతారో తెలుసా? తాము చిన్నప్పుడు ఆశపడి, కొనుక్కోలేకపోయినవాటి కోసం. ఆ తరం వెళ్ళిపోతే ఆశా వెళ్ళిపోతుంది. ఇది నాకు కొంచెం విచారంగానే అనిపిస్తుంది.

అమెరికన్ కార్లు మనకు కొత్తేమీ కాదు. 1928 నుంచి 1954 దాకా బొంబాయిలో జనరల్ మోటార్స్ సంస్థ కార్లను కూర్చి అమ్మింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో బొంబాయిలోని ప్రీమియర్ కర్మాగారంలో డాడ్జ్, ప్లిమత్ కార్లను కూర్చేవారు. హైదరాబాదులోని పురానీ హవేలీలో ఉన్న నిజాం మ్యూజియంలో ఒక ప్యాకార్డ్ కారు ఉంది. దాన్ని తయారు చేసిన అమెరికన్ సంస్థ 1958తోనే కార్లు మానేసింది. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరు ఇచ్చిన పసుపు పచ్చని రోల్స్ రాయిస్ కనిపిస్తుంది. వెనుక సింహాసనం లాంటి ఎత్తైన ఆసనం! 1911లో ఆయన మరణించడంతో అది ఏడో నిజాం చేతికి వచ్చింది. అది ఇంగ్లీషు కారు, మన విషయానికి పక్కదే. కాని చూడకుండా రాకండి.

సరే, రాజుల కార్లకు మ్యూజియాలున్నాయి. కలెక్టరు గారిని, డాక్టరు గారిని, పెళ్ళికొడుకును మోసిన తెల్ల అంబాసిడర్ మాట ఏమిటి? 2014 మేలో దాని తయారీ ఆగిపోయింది. 2017లో ఆ 'అంబాసిడర్' అనే పేరును ఒక ఫ్రెంచి కార్ల సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. ఒక్క బోల్టు కూడా లేకుండా, వట్టి పేరుకే 80 కోట్లు! అదే అంబాసిడర్ మన ఊళ్ళలో కిలోల లెక్కన కాంటా ఎక్కుతూనే ఉంది. మన జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి పని చేసేవారిని అడగండి. వాళ్ళు చెక్కిన కళాఖండానికి ఇత్తడి తూకం ధర కడితే ఒప్పుకుంటారేమో!

2021లో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాహనానికి 50 ఏళ్ళు దాటాలి. చాసిస్, శరీరం, ఇంజను పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలోనే ఉండాలి. అప్పుడు 'విఎ' అనే అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20 వేల రూపాయలు. దాన్ని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకుపోవచ్చు.

1975లో తయారైన అంబాసిడర్‌కు 2025లో 50 ఏళ్ళు నిండాయి. కర్మాగారం నుంచి చివరగా, 2014లో బయటికి వచ్చిన అంబాసిడర్‌కు 2064లో నిండుతాయి. అప్పటికి మీ వయసెంతో లెక్క వేసుకోండి. మీ ఊళ్ళో చెట్టు కింద అంబాసిడర్ ఏదైనా ఆగి ఉంటే, ఇంజను గదిలో రేకు మీద గుద్దిన సంఖ్యను యజమాని అనుమతితో చూసి నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. తుప్పు తినక ముందే!