అయిదు వేలు... ఆరు తీగలు

‘నాన్నా, గిటార్ కొనిపెట్టవా?’

పదో తరగతి పరీక్షలు అయిపోయిన మర్నాడు చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. వేసవి సెలవులు, వీధి చివర సంగీతం క్లాసులు, ఫోన్‌లో బోలెడు పాఠాలు... అడగడంలో తప్పేముంది? నాన్న కాసేపు లెక్కలు వేసుకుంటాడు. ‘సరేగానీ అయిదు వేలు దాటకూడదు’ అంటాడు. ఆ సాయంత్రమే ఇద్దరూ బండెక్కుతారు. దుకాణంలో గోడ నిండా వేలాడుతున్న వాటిలో అబ్బాయి కళ్లు నల్లగా నిగనిగలాడేదాని మీద పడతాయి. బ్యాగు, బెల్టు, మూడు పిక్కులు ఉచితం. ఇంకేం, బేరం కుదిరిపోతుంది!

దసరా నాటికి ఆ గిటార్ బీరువా మీదికెక్కుతుంది. ‘వాడికి ఓపిక లేదండీ’ అని తీర్పు కూడా వచ్చేస్తుంది. పాపం, చాలాసార్లు తప్పు వాడిది కాదు. ఆ గిటార్‌లో తీగలు మరీ ఎత్తున ఉంటాయి. ఎంత గట్టిగా నొక్కినా స్వరం పలకదు, పలికినా అపశ్రుతే. చేయి తిరిగినవాళ్లే ఇబ్బందిపడే వాద్యాన్ని అలవాటులేని వేళ్లకి అప్పగించి, మార్కులు మాత్రం ఆ వేళ్లకి వేస్తాం. కాబట్టి మొదటి గిటార్ కొనేటప్పుడు రంగు, కంపెనీ, చెక్క... ఇవన్నీ తర్వాత. ముందు చూడాల్సింది తీగ ఎంత తేలిగ్గా నొక్కుడు పడుతోందన్నదే.

రూపాయి బిళ్లల పరీక్ష

వీణలో మెట్లు అంటామే, గిటార్‌లో వాటినే ఫ్రెట్లు అంటారు. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఉండే ఎత్తు పేరు ‘యాక్షన్’. గిటార్ భాషలో ఇంకేం రాకపోయినా ఈ ఒక్క మాట తెలిస్తే దుకాణంలో సగం పని అయినట్టే. దాన్ని పన్నెండో ఫ్రెట్ దగ్గర కొలవాలి. చాలా గిటార్లలో మెడ మీద రెండు చుక్కలు పక్కపక్కన కనిపించేది అక్కడే. స్టీలు తీగల గిటార్ అయితే అక్కడ లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ కింద రెండు మిల్లీమీటర్లు ఉంటే హాయి. మూడు దాటితే శ్రమ. నాలుగైతే శిక్షే.

దుకాణానికి స్కేలు పట్టుకెళ్లడం నామోషీ అనిపిస్తే జేబులో చిల్లర చాలు. ఇప్పటి రూపాయి బిళ్లలు రెండింటిని ఒకదానిమీద ఒకటి పెడితే దాదాపు మూడు మిల్లీమీటర్లు అవుతాయి. ఆ జంటని పన్నెండో ఫ్రెట్ మీద, లావు తీగ కిందికి జరపండి. తీగకి ఆనుకునో, కాస్త బిగుతుగానో ఉంటే ఫర్వాలేదు. బిళ్లలు దూరాక పైన ఇంకా ఖాళీ కనిపిస్తే ఉన్నదాన్ని ఉన్నట్టుగా కొనకండి.

అలాగని తీగలు మరీ కిందికి ఉన్నా చిక్కే. ఫ్రెట్లకి తగిలి ‘బర్ర్’మంటాయి. అందుకే ఆరు తీగల్నీ ఒక్కో ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటి చూడాలి. అయిదు నిమిషాల పని. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, డబ్బు మనది!

మరో పరీక్ష శ్రుతిది. ముందు గిటార్‌ని శ్రుతి చేయించాలి. తర్వాత ఒక తీగని ఊరికే మీటి, అదే తీగని పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటాలి. మొదటిది సా అనుకుంటే రెండోది పై స్థాయి సా కావాలి. చెవి మీద నమ్మకం లేకపోతే ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ చెప్పేస్తుంది. కొంచెం తేడా సర్దుకోవచ్చు. బాగా తేడా ఉందంటే ఆ గిటార్ మీద ఎన్నేళ్లు సాధన చేసినా పాట పాటలా వినిపించదు. బొబ్బిలిలో వీణ చేసేవాళ్లు మెట్లను మైనం మీద అమరుస్తారు. తేడా వస్తే మైనం తీసి మళ్లీ సర్దుతారు. గిటార్ ఫ్రెట్లు అలా కాదు, చెక్కలోకి దిగగొట్టినవి. వాటి దూరాల్లో ఫ్యాక్టరీ చేసిన పొరపాటుకి దుకాణంలో మందు లేదు.

ఎత్తుకి మాత్రం ఉంది

తీగల ఎత్తు జబ్బు అంత మొండిది కాదు. కింద బ్రిడ్జిలో తీగలు ఆనే తెల్లటి పట్టీ ఒకటి ఉంటుంది. సాడిల్ అంటారు. దాన్ని ఊడదీసి అడుగున గరుకు కాగితంతో అరగదీస్తే తీగలు దిగుతాయి. సాడిల్ దగ్గర మిల్లీమీటరు తగ్గిస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర తగ్గేది అర మిల్లీమీటరే. అందుకే కొంచెం కొంచెంగా అరగదీసుకుంటూ చూస్తారు. మెడ వంగిందా అన్నదీ చూసుకోవాలి. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, పద్నాలుగో ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి పట్టుకోండి. మధ్యలో తీగ కింద విజిటింగ్ కార్డు పట్టేంత సందు ఉంటే మంచిదే. ఎక్కువుంటే మెడ లోపలి ఇనుప కడ్డీని (ట్రస్ రాడ్) తిప్పి సరిచేయాలి. కొన్ని చౌక రకాల్లో ఆ కడ్డీ తిప్పడానికి వీలుండదు. కొనేముందే అడగండి.

ఈ మరమ్మతు మొత్తాన్ని ‘సెటప్’ అంటారు. చాలాచోట్ల కొన్ని వందల్లో అయిపోతుంది. కొత్త గిటార్‌కి మరమ్మతేంటని మొహం చిట్లించక్కర్లేదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, రెండేసి చొప్పున ఎనిమిది తీగలుండే వాద్యాన్ని పక్కనపెట్టి, అయిదు విడి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. అంతటి విద్వాంసుడే వాద్యాన్ని తనకి అనువుగా మార్చుకున్నారు మరి!

ఇంతకీ ఏది కొనాలి?

ఆన్‌లైన్‌లో రెండున్నర, మూడు వేలకే గిటార్లు కనిపిస్తాయి. ఈ ధరలో కొనడం లాటరీ లాంటిది. ఒకటి బాగానే ఉంటుంది, దాని పక్కనున్న అదే మోడల్ తలనొప్పి. కాబట్టి ఈ బడ్జెట్‌లో ఆన్‌లైన్ వద్దు. దుకాణానికే వెళ్లి, ఒకే మోడల్‌లో మూడు తీయించి పోల్చుకోండి. మీకు వాయించడం రాకపోతే దుకాణం కుర్రాడిని మూడింటి మీదా ఒకే పాట వాయించమని, మీరు అటు తిరిగి నిలబడి వినండి. రంగు మాయ ఉండదు. గివ్‌సన్, హోబ్‌నర్ లాంటి కోల్‌కతా పేర్లు మనవాళ్లకి ఎప్పట్నుంచో పరిచయం. వాటిలోనూ మంచిది వెతికి పట్టుకోవాల్సిందే.

ఎనిమిది నుంచి పది వేల దాకా పెట్టగలిగితే యమహా ఎఫ్280 లాంటివి ఉన్నాయి. వీటిలో గొప్పదనం నాదం కన్నా నిలకడ. ఏ డబ్బా విప్పినా దాదాపు ఒకేలా ఉంటుంది. మానేస్తే అమ్ముకున్నా మంచి ధరే వస్తుంది. అయిదు వేలే గట్టిగా గీసిన గీత అయితే మొత్తం గిటార్‌కే పోసేయకండి. నాలుగు వేల లోపు దానిలో మంచిది ఎంచుకుని, మిగిలింది సెటప్‌కీ కొత్త తీగలకీ ఉంచుకుంటే, తీగలు ఎత్తుగా ఉన్న ఆరు వేల గిటార్ కన్నా అదే మేలు.

చెక్క గురించి బుర్ర పాడుచేసుకోవద్దు. ఈ ధరల్లో దొరికేవి దాదాపు అన్నీ ప్లైవుడ్‌వే. ఒకందుకు అదీ మంచిదే. విశాఖ చెమ్మకీ రామగుండం ఎండకీ అసలు చెక్క కన్నా ప్లైవుడ్ బాగా తట్టుకుంటుంది. పికప్, వొంపు తీసిన కట్‌అవే వంటి హంగులకి ఇప్పుడే డబ్బు దండగ. మన సినిమా హీరో గిటార్ పట్టుకుంటే వేలు ఏ ఫ్రెట్ మీదుందో ఎవరూ చూడరు గానీ, నేర్చుకునేవాడికి మొదటి ఏడాది అయిదో ఫ్రెట్ దాటి పెద్దగా పనుండదు.

స్టీలు తీగలా, నైలాన్ తీగలా? సినిమా పాటలకి కార్డ్స్ వాయించాలనుకుంటే స్టీలు. వేళ్లు మరీ సున్నితమైతే నైలాన్ మెత్తగా ఉంటుంది, కానీ మెడ వెడల్పు. చిన్న చేతికి అందదు. ఒక్క హెచ్చరిక... నైలాన్ గిటార్‌కి స్టీలు తీగలు బిగించొద్దు. ఆరు స్టీలు తీగలు కలిసి లాగే బలం 70 కిలోల పైమాటే. నైలాన్ తీగల లాగుడు సుమారు 40 కిలోలే. దానికోసం చేసిన బ్రిడ్జి ఈ బరువుకి ఊడివస్తుంది. ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలకైతే ముప్పావు సైజు అడగండి. ‘ఎదుగుతాడు కదా’ అని పెద్దది కొనడానికి ఇది స్కూలు యూనిఫాం కాదు.

సెకండ్‌హ్యాండ్ మాటేంటి? నన్నడిగితే అదే తెలివైన దారి. ఇంజినీరింగ్ నాలుగో ఏడాది అయిపోగానే హాస్టళ్లలో ఎన్ని గిటార్లు అమ్మకానికొస్తాయో! బ్రిడ్జి వెనక పొట్ట ఉబ్బిందా, బ్రిడ్జి అంచు లేచిందా, తల దగ్గర మెడకి పగులుందా, ఫ్రెట్ల మీద తీగల గాళ్లు పడ్డాయా... ఈ నాలుగూ చూసుకుని, రూపాయి బిళ్లలు తీయండి. అటక మీద తాతగారి గిటార్ దొరికితే ఒకసారి ఆగండి. తీగలు బాగా ఎత్తున ఉంటే అది హవాయి గిటార్ కావచ్చు. ఒడిలో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించేది. దానికి ఆ ఎత్తే ఉండాలి. విశ్వమోహన్ భట్ మోహన వీణ ఆ కోవలోదే. 1994లో గ్రామీ అందుకున్నారాయన.

ఎంత మంచి గిటార్ అయినా మొదటి మూడు వారాలు వేళ్ల కొసలు మండుతాయి. అది మామూలే, చర్మం గట్టిపడ్డాక తగ్గుతుంది. గంటసేపు ఒకేసారి కూర్చోబెట్టకుండా పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట చాలు. వేసవిలో కారులో వదిలేయకండి, బ్రిడ్జి జిగురు వదులుతుంది. వాయించాక పొడిగుడ్డతో తీగలు తుడిస్తే తుప్పు ఆలస్యంగా పడుతుంది. రోజూ వాయించేవాళ్లు మూడు నాలుగు నెలలకోసారి తీగలు మార్చుకోవాలి. దుకాణంలో మొదటిసారి మార్చేటప్పుడు అబ్బాయినీ పక్కన నిలబెట్టి చూడమనండి, రెండోసారి ఇంట్లోనే మార్చుకుంటాడు.