సజ్దాకు వంగని నడుము: తొలి ఫిజియోథెరపీకి వెళ్లేముందు

గోదావరిఖనిలో కుర్చీపై నమాజ్ చేసే పెద్దవారిలో ఒకనాటి సింగరేణి కోల్ ఫిల్లర్లు కనిపిస్తారు. తట్టలతో బొగ్గు మోసి టబ్బులు నింపిన నడుములవి. ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చి తట్ట పోయింది గాని నొప్పి మిగిలింది.

వైద్యుడు ఫిజియోథెరపీకి పంపగానే ఇంటివారు ఎక్స్‌రేలు, మందుల చీటీలు సర్దుతారు. అవి కావలసినవే. మధుమేహం, పాత ఆపరేషన్లు, రక్తాన్ని పలుచబరిచే మాత్రల సంగతీ తప్పక చెప్పాలి. అయితే రోగి మాత్రం అడిగినవారికల్లా "ఏం లేదు, కాస్త నడుము నొప్పి" అంటాడు. నొప్పిని దాచుకొని షిఫ్టులు చేసిన అలవాటు మరి! ఆ మాట చికిత్సకు చాలదు. బాధ రుకూలోనా, సజ్దా నుండి లేచేటప్పుడా? కాలిలోకి దిగుతోందా? ఎంత దూరం నడిస్తే ఆగవలసి వస్తోంది? మూడు రోజులు గమనించి రాసుకొని వెళ్లండి. "మళ్లీ నేలపై సజ్దా చేయాలని ఉంది" అని చెబితే, అది సాధ్యమో కాదో పరీక్షించి, ఆ కదలికకు తగిన వ్యాయామాలే నేర్పగలరు.

సాధ్యం కాకుంటే దిగులు వద్దు. వ్యాధిగ్రస్తుడైన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) నిలబడలేకపోతే కూర్చొని, అదీ కాకుంటే పక్కకు ఒరిగి పడుకొని నమాజ్ చేయమని సెలవిచ్చారు. కాని, ఎవరినీ అడగకుండానే కుర్చీకి అలవాటుపడటం వేరు.

వదులైన దుస్తులు ధరించండి. స్త్రీలు మహిళా థెరపిస్టు ఉన్నారేమో ముందే విచారించుకోవచ్చు. ఇంటి మనిషిని వెంట ఉండనివ్వమని కోరడానికి మొహమాటం అక్కరలేదు.

కాళ్లలో బలం హఠాత్తుగా తగ్గినా, మూత్రంపై అదుపు తప్పినా థెరపీ తేదీ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.