ట్యాంకులో పోసిన మందు

ముందే చెప్పేస్తున్నా, నేను సీఎస్ఈ. మెకానికల్ వాళ్ళు ఇది చదివి నవ్వుకుంటే నవ్వుకోండి, తప్పులుంటే మాత్రం చెప్పండి. క్లబ్‌లో "ఏదైనా టెక్నికల్ విషయం తెలుగులో రాయి" అన్నప్పుడు అందరూ నేను ఏఐ గురించి రాస్తాననుకున్నారు. కానీ ఈ ఏడాది నాకు బాగా అర్థమైన టెక్నికల్ విషయం ఒక్కటే, మా నాన్న బండి.

మా నాన్న మోటార్ వైండింగ్ చేస్తారు. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి పొలంలో మోటార్ కాలినా ఫోన్ వస్తుంది, నాన్న స్ప్లెండర్ తీసుకుని వెళ్తారు. 2006లో కొన్న బండి, అంటే నాకంటే పెద్దది. పోయిన వానాకాలం నాన్న నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. మూడు నెలలు బండి రేకుల షెడ్డులో అలాగే ఉండిపోయింది. నాన్న మళ్ళీ పనికి వెళ్ళడం మొదలుపెట్టాక అది పాతిక కిక్కులకి గానీ స్టార్ట్ అవ్వడం లేదు. స్లోలో పెడితే ఆగిపోతోంది.

సంక్రాంతికి ఇంటికొచ్చిన నేను రాత్రంతా వీడియోలు చూసి, పొద్దున్నే ఒక సీసా కొన్నాను. ఫ్యూయెల్ సిస్టమ్ క్లీనర్. ట్యాంకులో నాలుగు లీటర్లు ఉంటే సీసా మొత్తం పోసేశా. రెండు రోజులు బండి నిజంగానే బాగా నడిచింది, నేను స్టేటస్ కూడా పెట్టుకున్నా. మూడో రోజు రాత్రి చేలగట్టు మీద బండి ఆగిపోయింది. నాన్న అప్పుడే అతుక్కున్న కాలుతో నాలుగు కిలోమీటర్లు నెట్టుకుంటూ వచ్చారు. ఇంటికొచ్చి ఒక్క మాటే అడిగారు: "ఏం పోశావురా అందులో?"

మర్నాడు మా వీధి చివర మెకానిక్ బాబాయ్ కార్బొరేటర్ విప్పి చూపించారు. అడుగున కప్పులో ఎర్రటి తుప్పు పొడి, బంకలాంటి జిగురు. "మందు చెడ్డది కాదు బాబూ. ముందు బండిని చూడకుండా పోశావు, అదీ తప్పు" అన్నారు. ఆ తప్పు ఎక్కడుందో అర్థం చేసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. మీకు పది నిమిషాల్లో చెప్తా.

మురికి ఎక్కడ పడుతుంది?

పాత ఇంజిన్‌లో పెట్రోల్ వెళ్ళే దారిలో మురికి మూడు చోట్ల చేరుతుంది.

మొదటిది కార్బొరేటర్. పెట్రోల్ నిలవ ఉంటే గాలిలో ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా జిగురుగా మారుతుంది. బండి స్లోలో ఉన్నప్పుడు పెట్రోల్ వెళ్ళేది పైలట్ జెట్ అనే సన్న రంధ్రం గుండా. అది అర మిల్లీమీటరు కూడా ఉండదు. కొంచెం జిగురు చాలు, మూసుకుపోతుంది. మా బండి స్లోలో ఆగిపోయింది అందుకే.

రెండోది ఇన్‌టేక్ వాల్వ్. దాని వెనక భాగం మీద నల్లటి మసి గట్టిగా పేరుకుంటుంది. అది స్పాంజిలా పెట్రోల్‌ని పీల్చుకుంటుంది కాబట్టి చల్లటి ఇంజిన్ దగ్గుతూ నడుస్తుంది.

మూడోది పెట్రోల్ మండే గది. పిస్టన్ నెత్తిన కార్బన్ చేరితే గదిలో ఖాళీ తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్ వస్తుంది.

మందు ఏం చేస్తుంది?

మంచి క్లీనర్లలో అసలు పని చేసేది డిటర్జెంట్. మనం అంట్లు తోమే సబ్బు లాంటిదే. అణువుకి ఒక చివర మురికిని పట్టుకునే అమైన్ గుంపు ఉంటుంది, మిగతా పొడవాటి తోక పెట్రోల్‌లో కరుగుతుంది. తల మురికిని పట్టుకుంటే తోక దాన్ని పెట్రోల్‌తో పాటు లాక్కుపోతుంది. ఇంజిన్ దాన్ని కాల్చేస్తుంది.

ఈ డిటర్జెంట్లలో పాలీ ఈథర్ అమైన్ అనే రకానికి మంచి పేరుంది, పొట్టిగా పీఈఏ. వేడిని తట్టుకుంటుంది కాబట్టి వాల్వ్ మీద మసినే కాదు, మండే గదిలో కార్బన్‌ని కూడా కొంత తగ్గిస్తుంది. పాలీ ఐసోబ్యూటిలీన్ అమైన్ అనే ఇంకో రకం వాల్వ్‌ని బాగానే ఉంచుతుంది, కానీ మోతాదు ఎక్కువైతే మండే గదిలో అదే మసిగా మిగలొచ్చు. అందుకే సీసా కొనేముందు ముందువైపు బొమ్మ కాదు, వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి.

మన కార్బొరేటర్ బండ్లకి ఒక లాభం ఉంది. పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వ్‌ని తడుపుకుంటూనే లోపలికి వెళ్తుంది కాబట్టి మందు దాన్ని తాకుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బండ్లు చాలావరకు ఇంజెక్షన్‌కి మారాయి. వాటిలో కూడా ఎక్కువ వాటికి ఇంజెక్టర్ వాల్వ్ ముందే ఉంటుంది కాబట్టి ఇదే వర్తిస్తుంది.

మందు ఏం చేయలేదు?

ఇక్కడే నేను బోర్లా పడ్డా. పూర్తిగా మూసుకుపోయిన జెట్‌ని మందు తెరవలేదు, ఎందుకంటే పెట్రోల్ వెళ్ళని చోటికి పెట్రోల్‌లో కలిపిన మందు కూడా వెళ్ళదు. అరిగిన పిస్టన్ రింగుల్ని మందు బాగుచేయలేదు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం, ఆ డబ్బులు సీసాకి కాదు, మెకానిక్‌కి ఇవ్వండి. ఆక్టేన్ బూస్టర్ అనేది వేరే సరుకు. అది నాకింగ్ తగ్గించడానికే, శుభ్రం చేయడానికి కాదు. నాకింగ్ లేని మామూలు వంద సీసీ బండికి దాంతో పని లేదు.

ఇంకొకటి, మందు తుప్పుని కరిగించదు. మా ట్యాంకు అడుగున తుప్పు ఉంది. దాన్ని ఇన్నాళ్ళూ పాత జిగురు గోడకి అంటించి ఉంచింది. నేను పోసిన సీసా కారు ట్యాంకుకి సరిపడేది. అంటే దాదాపు 40 లీటర్లకి పోయాల్సింది 4 లీటర్లలో పోశా, పదింతలు! జిగురు ఒక్కసారిగా వదిలింది, తుప్పు కిందికి జారింది, జెట్ మూసుకుంది. మన భాషలో చెప్పాలంటే లాగ్స్ చదవకుండా నేరుగా ప్రొడక్షన్‌లో ప్యాచ్ వేశా. ప్రొడక్షన్ అంటే ఇక్కడ నాన్న కాలు.

తుప్పు ఎందుకొచ్చింది?

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కి నీళ్ళంటే ఇష్టం, గాలిలో తేమని కూడా లాక్కుంటుంది. నీళ్ళు హద్దు దాటితే ఇథనాల్, నీళ్ళు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. ట్యాంకు నుంచి పైపు పెట్రోల్ తీసుకునేది కూడా ఆ అడుగు నుంచే. సగం ఖాళీ ట్యాంకు, మూడు నెలల వాన, రేకుల షెడ్డు. ఇంకేం కావాలి?

అనుమానం ఉంటే ట్యాంకు నుంచి కొంచెం పెట్రోల్ గాజు సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే అది వాడకండి.

ఊళ్ళో మందులు

పెట్రోల్‌లో కలరా ఉండలు వేస్తే పికప్ పెరుగుతుందని మా సీనియర్ ఒకడు చెప్పాడు. వేయకండి. కలరా ఉండ అంటే నాఫ్తలీన్. పెట్రోల్‌లో కరుగుతుంది, కానీ పెట్రోల్ ఆవిరైన చోట మళ్ళీ గట్టిపడుతుంది. ఆ చోటు జెట్ అయితే మీ పని అంతే. ఫోర్ స్ట్రోక్ బండికి టూటీ ఆయిల్ కలపడం కూడా అంతే. అది పాత చేతక్ లాంటి టూ స్ట్రోక్ బండ్లకి కావాలి, మనకి మిగిలేది మసే.

పెట్రోల్‌లో ఏదో కలిపి ఇంజిన్‌ని మెప్పించాలనుకోవడం కొత్త కాదు. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ నాకింగ్ ఆపడానికి సీసం కలిపిన మందు కనిపెట్టాడు. ఇంజిన్ బాగానే ఉంది, మనుషుల ఒంట్లోకి సీసం చేరింది. మన దేశంలో అది ఆగింది 2000లో. కాబట్టి "బండి స్మూత్‌గా ఉంది" అనేది ఒక్కటే కొలత కాకూడదు.

సరైన వరుస

బాబాయ్ నాతోనే చేయించిన పద్ధతి ఇది. ముందు టార్చ్ వేసి ట్యాంకులో చూడాలి. తుప్పు ఉంటే ట్యాంకు దింపి కడగాలి. కార్బొరేటర్ కప్పు కింది స్క్రూ విప్పి పాత పెట్రోల్ వదిలేయాలి. జెట్ విప్పి కార్బొరేటర్ స్ప్రేతో, గాలితో శుభ్రం చేయాలి, సూది గుచ్చకూడదు, రంధ్రం పెద్దదవుతుంది. ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ప్లగ్ విప్పితే బిస్కెట్ రంగుంటే మంచిది, పొడి నలుపైతే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది, నూనెగా ఉంటే రింగుల సంగతి.

ఇవన్నీ అయ్యాకే మందు. సీసా మీద ఉన్న లెక్కని మీ ట్యాంకుకి తగ్గించుకోండి. 300 మిల్లీలీటర్లు 60 లీటర్లకి అని ఉంటే లీటరుకి 5 మిల్లీలీటర్లు, అంతే. పోశాక బండిని షెడ్డులో పెట్టకుండా ఆ ట్యాంకు అంతా తిరిగి అవగొట్టండి. ఆయిల్ మార్చే ముందు చేస్తే ఇంకా మేలు, లోపల కొంచెం మందు ఆయిల్‌లో కలిసినా పోతుంది.

సెలవులకి బండి హాస్టల్లో వదిలి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ట్యాంకు నిండా పోయించండి, పెట్రోల్ కాక్ మూసి ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపండి. కార్బొరేటర్‌లో ఏమీ మిగలదు. ఫ్యూయెల్ స్టెబిలైజర్ పోయాలనుకుంటే వెళ్ళే ముందే పోయాలి, పాడైన పెట్రోల్‌ని అది బాగుచేయలేదు.

ఇప్పుడు మా బండి రెండో కిక్కుకి స్టార్ట్ అవుతోంది. ఏప్రిల్‌లో సరైన మోతాదులో మందు నేనే పోశా. నాన్న పక్కన నిలబడి కొలత గ్లాసు వైపు చూస్తూ, "ఎన్ని మిల్లీలీటర్లు?" అని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ చెప్పాను.