గుండె దడకు వేడి లేని వైద్యం

నైట్ షిఫ్ట్ దిగి పక్కెక్కాక గుండె లయ తప్పి కొట్టుకుంటే మనం ఏమనుకుంటాం? నిద్ర చాల్లేదనో, కాఫీ ఎక్కువైందనో సరిపెట్టుకుంటాం. ఊళ్లో అమ్మకు ఫోన్ చేసినా ఆ మాట చెప్పం. చాలాసార్లు అది ఏమీ కాకపోవచ్చు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అయితే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఇందులో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోక వణుకుతాయి. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతమే.

మందులకు లొంగకపోతే తొడ దగ్గర నరం నుంచి క్యాథెటర్ అనే సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపుతారు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరలు గుండెను కలిసే చోట తప్పుడు సంకేతాలను అడ్డుకుంటారు. ఇన్నాళ్లూ అక్కడ వేడితో కాల్చడమో, చలితో గడ్డకట్టించడమో చేసేవారు. చిక్కల్లా గుండెకు ఆనుకునే ఉన్న అన్నవాహికతోనే. అరుదుగానైనా దానికి చిల్లు పడితే ప్రాణం మీదికొస్తుంది.

కొత్తగా వచ్చిన పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్‌లో కాల్చే పని లేదు. రెప్పపాటు కూడా పట్టని విద్యుత్ పల్స్‌లు కణాల పొరకు చిల్లులు పెడతాయి. గుండె కండర కణాలే వాటికి ముందుగా చనిపోతాయి, చుట్టుపక్కల భాగాలు చాలావరకు తట్టుకుంటాయి.

పల్స్‌డ్ ఏఎఫ్ అనే పరీక్షలో ఆస్ట్రేలియా సహా 9 దేశాల ఆసుపత్రులు పాల్గొన్నాయి. అడిలైడ్ ప్రొఫెసర్ ప్రశాంతన్ శాండర్స్ ఆ బృందంలో ఒకరు. 300 మందికి చికిత్స చేసి 2023లో ఫలితాలు ప్రకటించారు. వచ్చిపోయే దడ ఉన్నవారిలో 66 శాతం, వదలని దడ ఉన్నవారిలో 55 శాతం మందికి ఏడాది తర్వాత కూడా చికిత్స ఫలించింది. తీవ్రమైన ఇబ్బందులు ఒక శాతానికి లోపే. నూటికి నూరు కాదన్నమాట! అదే ఏడాది అమెరికాలో డాక్టర్ వివేక్ రెడ్డి బృందం 607 మందిపై పాత, కొత్త పద్ధతుల్ని పోల్చింది. కొత్తదానికి 73.3, పాతదానికి 71.3 శాతం. తీసిపోలేదు గానీ అద్భుతమూ కాదు. ఎర్ర రక్తకణాలు చిట్లి కిడ్నీలకు ఇబ్బంది రావడం లాంటి సొంత చిక్కులూ దీనికున్నాయి.

ఇప్పుడు ఆస్ట్రేలియాలోనూ ఈ చికిత్స చేస్తున్నారు. అయితే తాత్కాలిక వర్క్ వీసాపై ఉన్న మనవాళ్లకు సాధారణంగా మెడికేర్ ఉండదు. ప్రైవేటు ఇన్సూరెన్సుంటే, ముందే ఉన్న జబ్బుకు 12 నెలలు ఆగమంటారు. ముందు పాలసీ చదవండి. ఎవరైనా ట్రయల్‌లో చేరమంటే ఖర్చెవరిది, తేడా వస్తే వైద్యం ఎవరు చేయిస్తారని అడగండి. చేరాక కూడా ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ఇంగ్లిష్‌లో తడబడితే 131 450కు ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగొచ్చు. అర్థం కాని కాగితం మీద సంతకం వద్దు.

అన్నట్టు, మెల్‌బోర్న్ డాక్టర్లు 2020లో తేల్చిన సంగతి ఒకటుంది. మందు మానేసిన రోగుల్లో 53 శాతానికి దడ తిరగబెట్టింది, మాననివారిలో 73 శాతానికి. దానికి ఏ ఇన్సూరెన్సూ అక్కర్లేదు.