గేటు దాటాక అడిగే ప్రశ్న

హైదరాబాద్ షాపూర్‌నగర్ నుంచి జీడిమెట్ల పారిశ్రామికవాడలోకి మలుపు తిరిగితే ఫ్యాక్టరీ గేట్ల మీద బోర్డులు కనిపిస్తాయి. సీఎన్‌సీ ఆపరేటర్లు కావలెను, కెమిస్టులు కావలెను, ప్యాకింగ్‌కు ఆడవారు కావలెను. కుత్బుల్లాపూర్ అంటే ఇప్పుడు సుచిత్ర, కొంపల్లి వైపు లేచిన అపార్టుమెంట్లే గుర్తొస్తాయి గానీ, చింతల్, గాజులరామారం, సూరారం బస్తీల్లో చాలా ఇళ్లకు అన్నం పెట్టింది ఈ గేట్లే. బోర్డు చూసి లోపలికి వెళ్లినవాళ్లలో పని రానివాళ్లు తక్కువ. వచ్చిన పనిని ఎదుటివారికి తెలిసేలా చెప్పలేక బయటికి వచ్చేవాళ్లు ఎక్కువ. ‘మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి?’ అనే ప్రశ్న దగ్గర ఆగిపోతారు.

ఆ ప్రశ్న వినగానే మనల్ని తక్కువ చేస్తున్నారనిపిస్తుంది. అడిగేవారి వైపు నుంచి చూస్తే అందులో ఒక భయం ఉంది. మనిషిని తీసుకున్నాకే పని తెలుస్తుంది. అప్పటికి నెల జీతం, పాడైన సరుకు, ఆలస్యమైన ఆర్డరు అన్నీ ఆయన నెత్తిన పడి ఉంటాయి. మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లో దీని మీదే ఒక పత్రం రాశారు. పనితనం ముందుగా కంటికి కనపడదు కాబట్టి ఉద్యోగం ఇచ్చేవారు కనపడే గుర్తులను, ముఖ్యంగా చదువును, చూస్తారన్నారు. ఆ గుర్తుకు విలువ ఉండాలంటే పనితనం లేనివారికి అది సులువుగా దొరకకూడదని కూడా చెప్పారు. 2001లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

ఈ మాటను మన ప్రాంతానికి తెచ్చి చూడండి. మైసమ్మగూడ, దుండిగల్, బాచుపల్లి, కండ్లకోయ, ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీలే. ఇంటర్వ్యూ గది బయట కుర్చీల్లో కూర్చున్న పదిమంది చేతుల్లోనూ అదే పట్టా ఉన్నప్పుడు ఆ పట్టా ఎవరినీ వేరు చేసి చూపదు. ‘కష్టపడి పనిచేస్తాను, నిజాయితీగా ఉంటాను, ఏదైనా త్వరగా నేర్చుకుంటాను’ అన్న మాటలు అంతకన్నా బలహీనం. అవి అబద్ధాలని కాదు. అనడానికి ఎవరికీ ఏ ఖర్చూ లేదు, విన్నవారికి సరిచూసుకునే దారీ లేదు. సరిచూసుకోవడానికి వీలైన మాట ఒక్కటే: మీరు చేసిన ఒక పని, ఎలా చేశారో వివరంగా.

ఒక ఆపరేటర్‌ను ఊహించుకుందాం. మూడేళ్లు సీఎన్‌సీ లేత్ మీద చేశాడు. ప్రొడక్షన్ మేనేజర్ అడిగితే ఇలా అంటాడు: ‘సార్, మూడేండ్ల ఎక్స్‌పీరియెన్స్ ఉన్నది. అన్ని మిషన్లు వస్తయి. డ్యూటీకి ఎన్నడు లేట్ కాను.’ ఇందులో మేనేజర్ పట్టుకోవడానికి ఏమీ లేదు. అదే మనిషి తన పనిలోంచి ఒక్క ముక్క తీసి ఇలా చెప్పొచ్చు: ‘సార్, పంపు పార్టులకు బోరు కొట్టేది. టాలరెన్సు ఇరవై మైక్రాన్లు. నేను పోయిన కొత్తల షిఫ్టుకు నాలుగైదు పీసులు రిజెక్టు అయితుండె. ఇన్సర్టు అరిగినకొద్ది బోరు చిన్నగైతున్నదని చూసిన. ఇరవై పీసులకోసారి బోర్ గేజ్‌తోని కొలిచి ఆఫ్‌సెట్ ఇచ్చుడు షురూ చేసిన. తర్వాత వారానికి ఒకటో రెండో పోయినయి, గంతే.’

రెండో జవాబులో ‘నేను మంచి ఆపరేటర్‌ను’ అన్న మాటే లేదు. అయినా మేనేజర్‌కు మూడు సంగతులు తెలిశాయి. ఈ మనిషి తప్పు ఎక్కడ పుడుతుందో వెతుకుతాడు. అరుగుదలకు, కొలతకు ఉన్న సంబంధం తెలుసు. ఏ పనిముట్టుతో కొలవాలో తెలుసు. ఈ చివరిది చాలా ముఖ్యం. మామూలు వర్నియర్ 0.02 మిల్లీమీటర్, అంటే ఇరవై మైక్రాన్ల దాకే చూపుతుంది. టాలరెన్సే ఇరవై మైక్రాన్లయినప్పుడు వర్నియర్‌తో కొలిచానని చెప్పినవాడు ఆ పని చేయలేదని తెలిసినవారికి ఒక్క క్షణంలో అర్థమైపోతుంది. నిజంగా చేసినవాడి నోట గేజ్ పేరు దానంతటదే వస్తుంది. వివరం చెప్పమని ఇంతగా అడగడం అందుకే. వివరం నటనకు లొంగదు.

అంకెలు కూడా మీరే లెక్కవేసుకుని వెళ్లండి. ఎనిమిది గంటల షిఫ్టులో భోజనం, టీ పోగా ఏడు గంటలు మిషన్ తిరుగుతుందనుకుందాం; 420 నిమిషాలు. ఒక్కో జాబుకు 4 నిమిషాలైతే 105 పీసులు వస్తాయి. ఒక జాబు తిరుగుతుండగానే ముందు తీసిన జాబుకు బర్ తీసి, కొలత చూసి, తర్వాతి ముక్కను చేతికందేలా పెట్టుకునే అలవాటు వల్ల ఆ నాలుగు నిమిషాలు మూడున్నరకు దిగాయనుకోండి. అప్పుడు 120 పీసులు. షిఫ్టుకు 15, నెలకు 25 రోజులు లెక్కేస్తే 375. మీకు అది చేతి అలవాటు, యజమానికి అది నెలకు 375 పీసులు. ఈ గుణకారం ఆయన మనసులో చేసుకుంటాడని వదిలేయకండి, మీ నోటితో చెప్పండి. లెక్క పెట్టని పనికి అంకె పుట్టించి మాత్రం చెప్పొద్దు. ‘లెక్క పెట్టలే సార్, కానీ అంతకుముందు దినాం గొడవయ్యేది, తర్వాత ఆగింది’ అన్నా సరిపోతుంది.

మందుల కంపెనీల్లోనూ చేసిన పని వివరానికే విలువ. ఈ చుట్టుపక్కల ఫార్మా రంగం ఎలా పుట్టిందో గుర్తుచేసుకుంటే ఇది బాగా తెలుస్తుంది. 1960లలో బాలానగర్ దగ్గర ప్రభుత్వరంగ ఐడీపీఎల్ కర్మాగారం వచ్చింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి తర్వాత సొంత దారి చూసుకుని 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఐడీపీఎల్‌లో పని నేర్చినవారు ఇంకా ఎందరో హైదరాబాద్ బల్క్‌డ్రగ్ కంపెనీల్లోకి వెళ్లారు, కొందరు సొంతంగా పెట్టుకున్నారు. పెద్ద రియాక్టర్‌లో నిజంగా మందు తయారుచేసిన అనుభవమే వాళ్ల పెట్టుబడి. ప్రయోగశాలలో గాజు ఫ్లాస్కులో కుదిరిన చర్య వేల లీటర్ల రియాక్టర్‌లో ఎందుకు మొరాయిస్తుందో, వేడి ఎక్కడ చిక్కుకుంటుందో వాళ్లకు తెలుసు. ఇవాళ బాచుపల్లి, బొల్లారం, జీడిమెట్ల కంపెనీల్లో ఇంటర్వ్యూ చేసే సీనియర్లూ అలాంటి సంగతుల కోసమే చెవి ఒగ్గుతారు.

కానీ ఫార్మాలో మంచి పని చాలాసార్లు ‘ఏమీ జరగకపోవడం’గానే కనిపిస్తుంది. రియాక్టర్‌లోకి సరుకు వేసే ముందు డ్రమ్ము మీది లేబుల్, కాగితంలోని బ్యాచ్ నంబరు కలవలేదని ఒక కెమిస్టు ఆపి, సూపర్‌వైజర్‌ను పిలిచి, ఆ సంగతి రికార్డులో రాయిస్తాడు. ఆ రోజు కంపెనీలో చెప్పుకోదగ్గది ఏదీ జరగలేదు. అతను ఆపకపోతే మాత్రం బ్యాచ్ మొత్తం పోయేది. ఇలాంటివి మనవాళ్లు ఇంటర్వ్యూలో చెప్పనే చెప్పరు, ‘అది మన డ్యూటీయే కదా’ అనుకుంటారు. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీకి వచ్చినా, మన దేశంలో 2023 డిసెంబరు చివర మార్చిన షెడ్యూల్ ఎం అనే మందుల తయారీ నిబంధనలు చూసినా, అందరూ అడిగేది రికార్డే. పని జరిగినప్పుడే, చేసినవారే, చెరపకుండా రాయాలి. ఆ రంగంలో రాయనిది చేయనిదాని కింద లెక్క. మీరు రోజూ చేసే ఆ జాగ్రత్త వాళ్లు వెతుకుతున్న విలువే. అందుకే తప్పు జరిగిన కథనూ దాచొద్దు. ‘రీడింగ్ తప్పు రాసిన, వెంటనే ఒక గీత కొట్టి, సంతకం, తేదీ పెట్టి, ఇన్‌ఛార్జికి చెప్పిన’ అన్న కెమిస్టును తెలివైన క్వాలిటీ మేనేజర్ ఎవరూ వదులుకోరు. ఎప్పుడూ తప్పు చేయలేదన్నవాడి దగ్గరే ఆయనకు అనుమానం మొదలవుతుంది.

ఇక్కడ ఒక గీత ఉంది, దాన్ని దాటకండి. బల్క్‌డ్రగ్ ఇంటర్వ్యూల్లో పాత కంపెనీ ప్రాసెస్ గురించి తవ్వి తవ్వి అడిగేవాళ్లుంటారు. ఏ సాల్వెంట్ వాడారు, ఈల్డు ఎంత వచ్చింది, మూడో స్టేజిలో ఏం మార్చారు అంటారు. ‘సార్, ఆ వివరాలు చెప్పకూడదు. నేను రియాక్టర్ ఎట్ల నడిపిన, డీవియేషన్ వస్తే ఏం చేసిన, అది చెప్త’ అని మర్యాదగా ఆపండి. రేపు తమ రహస్యాలూ ఈ మనిషి దగ్గర భద్రంగా ఉంటాయని ఎదుటివారికి తెలిసేది అప్పుడే. ఆ జవాబుకు మొహం మాడ్చుకునే చోట ఉద్యోగం రాకపోయినా విచారించాల్సింది లేదని నా నమ్మకం.

ఫ్రెషర్ల మాటేమిటి? డబ్బిచ్చి తెచ్చుకున్న ఫైనలియర్ ప్రాజెక్టును తమదిగా చెప్పేవాళ్లు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. దాని బదులు చిన్నదైనా సొంతది చెప్పండి. గాజులరామారంలో నాన్న నడిపే కిరాణా కొట్టులో కూర్చుని, ముందు గడువు తీరే బిస్కెట్ ప్యాకెట్లను ముందు వరుసలోకి జరిపిన కుర్రాడు ఒక మందుల గోడౌన్ నియమాన్ని తెలియకుండానే పాటించాడు. అక్కడ కూడా ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు బయటికి వెళ్లాలి. స్టోర్స్ ఉద్యోగానికి వెళ్తే అతను చెప్పాల్సింది ఆ సంగతే, మార్కుల శాతం ఆ తర్వాత. పిల్లల కోసం ఉద్యోగం మాని నాలుగేళ్ల తర్వాత తిరిగి వస్తున్న ఆడవాళ్లు ఆ ఖాళీకి ఒక్క వాక్యంలో కారణం చెప్పి, మానేసే ముందు చేసిన పని దగ్గరికి మాటను తీసుకెళ్లండి. సంజాయిషీ సాగేకొద్దీ మీకున్న పది నిమిషాలూ అందులోనే కరిగిపోతాయి.

ఇంగ్లిష్ రాదన్న బెంగ మన దగ్గర మంచి పనివాళ్లను సగం చంపుతోంది. షాప్ ఫ్లోర్ ఉద్యోగాలకు తెలుగులో చెప్పండి. ఆఫ్‌సెట్, రిజెక్షన్, బ్యాచ్ వంటి మాటలు ఎలాగూ మీ నోట ఉన్నవే. ఒడిశా, బిహార్ కార్మికులతో పనిచేయించిన అనుభవం, హిందీ మాట ఉంటే అదీ చెప్పాల్సిన విలువే. క్వాలిటీ విభాగాల్లో మాత్రం కాగితమంతా ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి చదవడం, రాయడం ఎంతవరకు వచ్చో ఉన్నదున్నట్టు చెప్పాలి.

మనుషులను ఎంచుకునే పద్ధతుల మీద 85 ఏళ్ల పరిశోధనలను ష్మిట్, హంటర్ అనే ఇద్దరు 1998లో కలిపి చూశారు. పని చేయించి చూడటం, అందరినీ ఒకే వరస ప్రశ్నలు అడగడం మనిషి పనితనాన్ని బాగా పట్టిచ్చాయి. ఎన్నేళ్ల అనుభవం అన్న లెక్క చాలా తక్కువగా పట్టిచ్చింది. 2022లో సాకెట్ అనే పరిశోధకుడి బృందం ఆ అంకెలను సరిచేసి చాలావాటిని తగ్గించింది. అయినా ఒక క్రమంలో సాగే ఇంటర్వ్యూ ముందు వరుసలోనే నిలిచింది, అనుభవపు సంవత్సరాలు మళ్లీ వెనకబడ్డాయి. మీ ఎదుట ఉన్న మేనేజర్ ఊరికే కబుర్లలోకి దిగితే మీరే చొరవ తీసుకోవచ్చు: ‘సార్, ఒక జాబు ఇయ్యుండ్రి, సెట్టింగ్ చేసి చూపిస్త.’ బాలానగర్‌లో 1968 నుంచి టూల్‌రూమ్ శిక్షణ ఇస్తున్న సీఐటీడీలో చదివినవారికి ఇది కొత్త కాదు, వాళ్ల చదువే వర్క్‌షాప్‌లో సాగుతుంది. మిగతావాళ్లకూ ఇంతకన్నా మంచి జవాబు లేదు.

జీతం మాట చివరికి వస్తుంది. విలువ బాగా చెప్పుకుని ఇక్కడ తడబడేవాళ్లు చాలామంది. వాళ్లు సీటీసీ, అంటే కంపెనీకి మీ మీద అయ్యే మొత్తం ఖర్చు, చెప్తారు; మీరు చేతికొచ్చేది అనుకుంటారు. గ్రాస్ 18,000, అందులో బేసిక్ 12,000 అనుకుందాం. మీ వైపు నుంచి పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, 1,440. ఈఎస్ఐ 0.75 శాతం, 135. తెలంగాణలో ఆ జీతానికి వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 16,275. కంపెనీ తన వైపు పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 3.25 శాతం కింద 585 కలిపి, ఇతర ఖర్చులు వదిలేసినా, 20,025 సీటీసీ అని చెప్పగలదు. ‘ఎంత అనుకుంటున్నారు?’ అంటే చేతికెంత కావాలో చెప్పి, బేసిక్ ఎంత ఉంటుందో అడగండి. ‘ఇంట్లో ఇబ్బందిగా ఉంది సార్’ అని జీతం అడగొద్దు. ఆ ఇబ్బంది నిజమే అయినా, మీరు ఇందాక చెప్పిన 375 పీసుల లెక్క పక్కనే జీతం మాట పెట్టండి.

లేచే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: ‘కంపెనీ రోల్స్ మీదనా సార్, కాంట్రాక్టర్ కిందనా?’ కాంట్రాక్టర్ అయితే ఎవరి పేరు మీద పీఎఫ్ కడతారో తెలుసుకోండి. మీ పాత పీఎఫ్ నంబరు (యూఏఎన్) రాసి ఇచ్చి, కొత్త నంబరు తెరవకుండా దానికే కలపమనండి. మీరు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో ఆ నంబరు మీద తేదీలతో సహా ఉంటుంది. ఇంతసేపూ మీరు చెప్పుకున్న అనుభవాన్ని వాళ్లు సరిచూసుకునేదీ అక్కడే.