నల్లరాయి మీద నింద

మార్కాపురం చుట్టుపక్కల పలకల గనుల దగ్గర నల్లటి దిబ్బలు చూసి కొత్తగా వచ్చినవాళ్లు "ఇది బొగ్గా?" అని అడుగుతారు. ఒక ముక్క తీసుకుని అంచున ఉలి పెట్టి కొట్టండి, పొరలు పొరలుగా విడిపోతుంది. పొయ్యిలో వేస్తే మాత్రం మండదు.

అపోహ: నల్లగా ఉంది కాబట్టి బొగ్గు గనుల చెత్తలాగే ఏటిని విషం చేస్తుంది.

వాస్తవం: ఈ పలకరాయి నూరు కోట్ల ఏళ్ల కిందటికంటే ముందే సముద్రం అడుగున పేరుకున్న బురద. అప్పటికి నేల మీద చెట్టే పుట్టలేదు, ఇక బొగ్గెక్కడిది? బొగ్గు గనుల నీటికి అసలు చేటు గంధకం నుంచి వస్తుంది. గంధకం ఉండే పైరైట్ అనే ఖనిజం గాలి, నీరు తగిలి గంధకామ్లాన్ని పుట్టిస్తుంది. మేఘాలయలోని జైంతియా కొండల ఏళ్లు అలాగే చెడ్డాయి. అక్కడి ఎలుకబొరియల్లాంటి బొగ్గు గనులను 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. మన సింగరేణి బొగ్గులోనైతే గంధకం తక్కువే. కొన్ని పలకల్లో పసుపుగా మెరిసే గింజలు పైరైటే, బంగారమని మురిసిపోకండి. కానీ ఏటి నీటిని ఆమ్లంగా మార్చడానికి సాధారణంగా ఆ నాలుగు గింజలు చాలవు.

అపోహ: విషం లేదంటే దిబ్బలతో ఇబ్బందే లేదు.

వాస్తవం: తవ్వినదాంట్లో పలకగా పనికొచ్చేది కొంచెమే, మిగతాది దిబ్బకే పోతుంది. గట్టి వాన పడితే ఆ చిల్లపెంకులు, బూడిదరంగు బురద వాగుల్లోకి దిగుతాయి. వాగు పూడుతుంది, చేనులో మేట వేస్తుంది. ఈ వైపు వాగులు గుండ్లకమ్మలో కలిసి మల్లవరం రిజర్వాయరు దాకా పోతాయి. గిద్దలూరు వైపు సగిలేరు దక్షిణానికి తిరిగి పెన్నలో కలుస్తుంది. ఇక పలక కోసేచోట లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. దానికి మందు లేదు. రాయిని తడిపి కోయడం, దుమ్మును లాగేసే ఏర్పాటు, ఇవే రక్షణ. నన్నడిగితే, దిబ్బ గురించి అరిచే గొంతుల్లో సగమైనా ఈ దుమ్ము గురించి అరవాలి.

అపోహ: మన నీళ్లలో ఫ్లోరైడ్ గనుల చెత్త నుంచే వచ్చింది.

వాస్తవం: ఇది అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన మాట. 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం నెల్లూరు జిల్లాలో, ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే ఫ్లోరోసిస్‌ను గుర్తించి ప్రకటించింది. మన దేశంలో ఈ జబ్బు గురించి వెలువడిన తొలి నివేదికల్లో అదొకటి. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లావే. 1970లో ప్రకాశం ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. అక్కడ నేల కింద ఉన్నది పలకరాయి కాదు, గ్రానైటు జాతి రాళ్లు. వాటిలోని ఖనిజాలు కరిగి నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. వానలు తక్కువ, బోర్లు లోతు, రాతిలో నీళ్లు నిలిచే కాలం ఎక్కువ. తప్పు దిబ్బ మీదకి తోసేస్తే బోరును ఎవరూ అనుమానించరు.

అపోహ: ఉప్పునీళ్లలోనే ఫ్లోరైడ్ ఉంటుంది. కాచి తాగితే పోతుంది.

వాస్తవం: రెండూ తప్పే. నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా గారకట్టేది సున్నపు అంశం, ఫ్లోరైడ్ కాదు. సున్నం తక్కువై నోటికి తియ్యగా తగిలే నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశముంది. కాస్తే ఆవిరయ్యేది నీరు, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి ఉంది, మోతాదు తప్పితే ఫలితం దక్కదు. అందుకే వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గుండా కృష్ణా నీళ్లు వస్తాయని జనం చూస్తున్నది పంటల కోసమే కాదు, పిల్లల పళ్ల కోసం కూడా.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా ఉంటే మేలు, వేరే నీరు లేకపోతే 1.5 దాకా. అంతకు మించకూడదు. మీ బోరు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలోనే పట్టుకెళ్లండి, గాజు సీసా వద్దు. ఫ్లోరైడ్ గాజుకు పట్టుకుంటే లెక్క తప్పుతుంది.